ఇరవై ఏళ్ల పాటల కోసం సియాటిల్ వెళ్లొచ్చాను

మొదటి రోజు

డల్లాస్ నుంచి విమానం సియాటిల్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది, బయట సన్నగా చినుకులు. అన్నయ్య ఫోన్ చేసి ట్రాఫిక్‌లో ఉన్నాను, ఇంకో అరగంట పడుతుందన్నాడు. నాకు కావలసిందీ అదే, ఎందుకంటే ఈ ఎయిర్‌పోర్టు లోపలే సబ్ పాప్ అనే రికార్డు కంపెనీ వాళ్ల కొట్టు ఉంది. 2014 నుంచీ ఉంది. నిర్వాణ, సౌండ్‌గార్డెన్, మడ్‌హనీ లాంటి సియాటిల్ వైపు రాక్ బ్యాండ్ల తొలి రికార్డులు 1980ల చివర్లో తెచ్చింది ఈ కంపెనీయే. ఊళ్లోకి అడుగు పెట్టకముందే, ఇది ఎవరి ఊరో ఎయిర్‌పోర్టులోనే చెప్పేస్తారన్నమాట. మన రాజమండ్రి విమానాశ్రయంలో త్యాగరాజ కీర్తనల రికార్డులు అమ్మే కొట్టు ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది.

అసలు ఎందుకొచ్చానో చెప్పాలి. 2003లో బెన్ గిబ్బర్డ్ అనే గాయకుడు రెండు ఆల్బమ్‌లు చేశాడు. ఒకటి తన సొంత బ్యాండ్ డెత్ క్యాబ్ ఫర్ క్యూటీతో చేసిన 'ట్రాన్స్అట్లాంటిసిజం', రెండోది లాస్ ఏంజెలెస్‌లో ఉండే జిమ్మీ టాంబొరెల్లోతో కలిసి పోస్టల్ సర్వీస్ అనే పేరుతో చేసిన 'గివ్ అప్'. ఆ రెండోదాని కథే వేరు. టాంబొరెల్లో అక్కడ కంప్యూటర్ మీద సంగీతం కట్టి పోస్టులో పంపేవాడు, ఈయన సియాటిల్‌లో దాని మీద మాటలు రాసి, పాడి, గిటార్ వేసి తిరిగి పోస్టు చేసేవాడు, అందుకే ఆ పేరు. ఆ పేరు మీద అమెరికా పోస్టల్ శాఖ లీగల్ నోటీసు కూడా పంపింది, తర్వాత రాజీ కుదిరింది. వాళ్లు చేసింది ఆ ఒక్క ఆల్బమే. సబ్ పాప్ చరిత్రలో నిర్వాణ వాళ్ల 'బ్లీచ్' తర్వాత ఎక్కువ అమ్ముడుపోయింది అదే. ఇరవయ్యేళ్లయిన సందర్భంగా 2023లో రెండు బ్యాండ్లూ కలిసి టూర్ పెట్టాయి, ఒకే వేదిక మీద, ఒకే రాత్రి, రెండు ఆల్బమ్‌లూ మొదటి పాట నుంచి చివరి పాట దాకా. వేరే ఊళ్లలోనూ ఉన్నాయి కానీ, అక్టోబరులో వాళ్ల సొంతూరు సియాటిల్‌లో చూడాలని పట్టుబట్టాను.

ఈ పాటలు నాకు అమెరికా వచ్చాక తెలిసినవి కావు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను హైదరాబాద్‌లో, మియాపూర్‌లో ఒక గదిలో ఉన్నాను. నిద్ర పట్టేది కాదు. సరిగ్గా అప్పుడే గిబ్బర్డ్ తన ఇంట్లోంచి రోజూ ఆన్‌లైన్‌లో లైవ్ పాడటం మొదలుపెట్టాడు. ఆయనకి సాయంత్రం నాలుగు, మనకి తెల్లవారుజాము నాలుగున్నర. ఒక మనిషి, ఒక గిటార్, కొన్ని రోజులు పియానో. జనం అడిగిన పాటలు పాడేవాడు, ఎప్పుడో రాసినవి మర్చిపోతే ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు, ఇతరుల పాటలూ పాడేవాడు, సియాటిల్‌లో కష్టాల్లో ఉన్నవాళ్లకి సాయం చేసే సంస్థలకి విరాళాలు పంపమని అడిగేవాడు. రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికోసారి. పెద్ద బ్యాండ్ తాలూకు హడావుడి ఏమీ లేకుండా ఒక పాట ఎలా నిలబడుతుందో నాకు ఆ వీడియోల్లోనే తెలిసింది. వేళ్లు ఏ తీగ మీద ఎక్కడ ఉన్నాయో, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కూడా కనపడేది. ఆల్బమ్‌లు ఆ తర్వాత విన్నాను, వెనక నుంచి ముందుకి.

కొట్లో 'గివ్ అప్' ఎల్పీ కొన్నాను. ఇంటికి తీసుకెళ్తే అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని వాయించే మెషీన్ ఉందా నీ దగ్గర?" అన్నాడు. లేదు, కొంటాను. వదిన పప్పుచారూ వంకాయ వేపుడూ చేసి పెట్టింది, తిని పడుకున్నాం.

రెండో రోజు

పొద్దున్నే అన్నయ్య ఆఫీసుకి వెళ్తూ నన్ను డౌన్‌టౌన్‌లో దింపాడు. అక్కడి నుంచి మోనోరైల్ ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో సియాటిల్ సెంటర్. 1962 వరల్డ్ ఫెయిర్ కోసం వేసిన రైలు ఇంకా అలాగే తిరుగుతోంది. స్పేస్ నీడిల్ కింద ఫొటోలు దిగేవాళ్లని దాటుకుంటూ నేరుగా కేఈఎక్స్‌పీ అనే రేడియో స్టేషన్‌కి వెళ్లాను.

ఇండీ సంగీతం, అంటే పెద్ద కంపెనీలతో పని లేకుండా సొంతంగా చేసుకునేది, యూట్యూబ్‌లో చూసేవాళ్లకి ఈ పేరు చెప్పక్కర్లేదు. వాళ్ల వీడియోల్లో వెనక చిన్న చిన్న లైట్ల తోరణాలు, మధ్యలో బ్యాండ్, నాలుగైదు పాటలు, మధ్యలో డీజేతో కాసేపు కబుర్లు, అంతే. పేరు కూడా వినని ఊళ్ల నుంచి వచ్చిన పేరు కూడా వినని బ్యాండ్లు అక్కడ వాయించి వెళ్తే, తర్వాత నెలల తరబడి నా చెవుల్లో ఉండిపోయాయి. నిజానికి ఇది వీడియోల ఛానెల్ కాదు, ఎఫ్ఎం రేడియో. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 10 వాట్ల స్టూడెంట్ రేడియోగా, కేసీఎంయూ అనే పేరుతో మొదలైంది. 2001లో కేఈఎక్స్‌పీ అయింది, ఆ తర్వాత ఇక్కడికి మారింది, 2016లో ఈ చోటుని జనానికి తెరిచారు. ప్రధానంగా శ్రోతలు ఇచ్చే డబ్బుతో నడుస్తుంది, డీజేలు ఏం వేయాలో వాళ్లే నిర్ణయించుకుంటారు, పైనుంచి ఎవరూ లిస్టు ఇవ్వరు. వినేవాళ్లకి ఈ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

లోపల కాంక్రీటు గోడల పెద్ద హాలు. ఎవరైనా రావచ్చు, టికెట్ లేదు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక పక్క కాఫీ కౌంటరు, ఇంకో పక్క అద్దం వెనక డీజే గది. నేను కాఫీ తీసుకుని ఆ అద్దానికి ఎదురుగా కూర్చున్నాను. లోపల ఆవిడ హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, ఎల్పీని కవర్లోంచి తీసి, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని దుమ్ముందేమో చూసి, తుడిచి, ప్లేయర్ మీద పెట్టి, చేత్తో కొంచెం వెనక్కి తిప్పి ఆపి ఉంచింది. ఇటు వినపడుతున్న పాట అయిపోతుండగా చెయ్యి వదిలింది. అది మొదలైంది. ఇంతే జరిగింది. కానీ ఇన్నేళ్లుగా ఫోన్‌లో వింటున్న ఆ రేడియో వెనక ఒక మనిషి ఇలా చెయ్యి పట్టుకుని ఆగి ఉంటుందని చూడటం నాకు చాలా సంతోషంగా అనిపించింది. గంటన్నర అక్కడే కూర్చున్నాను.

ఈ స్టేషన్ గురించి నాకు బాగా నచ్చిన కథలు రెండున్నాయి. 1988లో నిర్వాణ గాయకుడు కర్ట్ కోబెయిన్ తమ మొదటి సింగిల్‌ని, అంటే ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డుని, స్వయంగా తెచ్చి కేసీఎంయూలో ఇచ్చి, తిరుగు ప్రయాణంలో కార్లో రేడియో వింటూ, ఎంతకీ వేయకపోతే దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగి తనే ఫోన్ చేసి ఆ పాట వేయమని అడిగాడట. వేశారు. రెండోది కిమ్ థాయిల్ సంగతి. సౌండ్‌గార్డెన్ గిటారిస్టు, సియాటిల్‌కి పేరు తెచ్చిన గ్రంజ్ అనే రాక్ సంగీతానికి ఆ బరువైన మోత తెచ్చినవాళ్లలో ఒకడు, ఆయన అమ్మానాన్నలది కేరళ. ఆయనా అప్పట్లో ఇదే కేసీఎంయూలో డీజే. రాక్ మనది కాదు అనే మాట మనవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో! సియాటిల్ చప్పుడులోనే ఒక మలయాళీ ఇంటి పిల్లాడి చెయ్యి ఉంది.

సాయంత్రం బల్లార్డ్ వెళ్లాం, నేనూ వదినా. అది పాత జాలర్ల పేట, ఇప్పుడు రెస్టారెంట్లూ చిన్న చిన్న క్లబ్బులూ. అక్కడ ట్రాక్టర్ టావర్న్ అని 1994 నుంచీ ఉన్న క్లబ్ ఉంది, కుర్చీలు అంతంత మాత్రం, నిలబడే వినాలి. తలుపు దగ్గర ఐడీ చూసి చేతి మీద స్టాంపు వేస్తారు. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు తప్పకుండా తీసుకెళ్లండి, ఇది సిగ్గుపడే విషయం కాదు, స్టేజి మీద వాయించేవాళ్లూ పెట్టుకుంటారు. వదిన మొదట వద్దంది, రెండో పాటకి చెయ్యి చాపింది.

ఆ రాత్రి వాయించింది స్థానిక బ్యాండ్, ముగ్గురు అమ్మాయిలు. మేము స్టేజికి రెండు వరసల వెనక ఉన్నాం. మూడో పాటో నాలుగో పాటో, గిటార్ అమ్మాయికి తీగ తెగింది. టప్ మని ఆ చప్పుడు మాకు వినపడింది. వీడియోలో అయితే ఆ ముక్క కోసేస్తారు. ఇక్కడ ఏం జరిగిందంటే డ్రమ్స్ అమ్మాయి ఆగలేదు, బేస్ అమ్మాయి ఆమెను చూసి అదే వరసని మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండిపోయింది, గిటార్ అమ్మాయి స్టేజి మీదే మోకాళ్ల మీద కూర్చుని, కొత్త తీగ కవరు పళ్లతో చింపి, ఎక్కించి, మీట తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చూసుకుంటోంది. హాలంతా ఆ డ్రమ్స్‌కి చప్పట్లు కలిపింది. మూడు నిమిషాలు పట్టిందో నాలుగో, ఆమె లేచి సరిగ్గా ఆగిన చోటి నుంచే పాట అందుకుంది. ఆ అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఇంత దూరం వచ్చింది దేనికని ఎవరైనా అడిగితే, రేపటి పెద్ద కచేరీ కంటే ముందు ఇదే చెప్తాను.

మూడో రోజు

కచేరీ క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో, అంటే నిన్న నేను కూర్చున్న రేడియో స్టేషన్‌కి ఆనుకునే. ఈ అరీనా కట్టిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. పైకప్పు 1962 నాటిది, దాన్ని కాపాడాలని నిర్ణయించి, ఆ కప్పుని గాల్లో ఆపి ఉంచి, కింద నేలంతా తవ్వి కొత్త భవనం కట్టారు. 2021లో తెరిచారు. బయటి నుంచి చూస్తే ఎత్తేమీ ఉండదు, లోపలికి వెళ్లాక మెట్లు కిందికి దిగుతూనే ఉంటాయి. 17 వేలమందికి పైగా పడతారు.

నిన్నటి క్లబ్ చూశాక వదిన తనే వస్తానంది, టికెట్ అప్పటికప్పుడు దొరికింది, కొంచెం పక్కగా. నా సీటు ఆమె పక్కకి మార్చుకోవడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు, ఆయనకి మంచి సీటే వచ్చింది కాబట్టి ఇద్దరికీ లాభం. చుట్టూ ఎక్కువమంది నలభై దాటినవాళ్లే, ఈ ఆల్బమ్‌లు వచ్చినప్పుడు కాలేజీలో ఉండి ఉంటారు. కొంతమంది పిల్లల్ని తెచ్చారు, చిన్నవాళ్ల చెవులకి మోత తగ్గించే పెద్ద పెద్ద ఇయర్‌మఫ్‌లు.

మొదట డెత్ క్యాబ్, అందరూ నల్లబట్టల్లో. ఆల్బమ్ మొత్తం వరసగా వాయిస్తారని ముందే తెలుసు, తర్వాత ఏ పాట వస్తుందో కూడా తెలుసు, అయినా ఒక్కో పాట మొదలయ్యే ముందు ఆ చీకట్లో గుండె దడదడలాడేది. గిబ్బర్డ్ గిటార్ పట్టుకుని పక్కలకి ఊగుతూనే ఉంటాడు, నిలకడగా నిలబడడు. ఇంటి వీడియోల్లో కూర్చుని పాడిన మనిషి ఈయనేనా అనిపించింది. అక్కడ కళ్లజోడు సర్దుకుంటూ, "నిన్న ఈ పాట ఎవరో అడిగారు" అన్నట్టు మాట్లాడే మనిషి. ఇక్కడ మాటలు చాలా తక్కువ, పాట వెంట పాట.

ఆల్బమ్ పేరే పేరుగా ఉన్న పాట దాదాపు ఎనిమిది నిమిషాలుంటుంది. పియానోతో చాలా నెమ్మదిగా మొదలవుతుంది, దూరాన ఉన్న మనిషి కోసం రాసిన పాట, చివర్లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఇంకో వాయిద్యం కలుస్తుంది. మియాపూర్ గదిలో ఫోన్ స్పీకర్‌లో నేను విన్నది ఆ వాక్యాన్ని ఒక్క గొంతులో. ఇక్కడ వేలమంది గొంతులు. డ్రమ్స్ వచ్చినప్పుడు కుర్చీ అదిరింది, నా పక్కటెముకల్లో తెలిసింది ఆ దెబ్బ. ఏ హెడ్‌ఫోనూ ఇది ఇవ్వలేదు, ఎంత ఖరీదైనదైనా. నేను ఏడ్చాను. వదిన ఏమీ అడగలేదు, నా చెయ్యి పట్టుకుంది, తనకి ఆ పాట తెలియదు కానీ మూడోసారికే ఆ వాక్యం పట్టేసి తనూ పాడుతోంది.

పదిహేను నిమిషాల విరామం తర్వాత పోస్టల్ సర్వీస్, ఈసారి అందరూ తెల్లబట్టల్లో. టాంబొరెల్లో తన యంత్రాల వెనక, ఈ బ్యాండ్‌లో మూడో మనిషైన గాయని జెన్నీ లూయిస్ గిటారూ కీబోర్డూ మారుస్తూ, గిబ్బర్డ్ పాడుతూ పాడుతూ వెళ్లి డ్రమ్స్ ముందు కూర్చుని వాయించి మళ్లీ మైకు దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. ఒక గంట ముందు దిగులు పాటలు పాడిన మనిషి ఇలా గెంతుతుంటే చూడటం ఎంత హాయిగా ఉందో. పోస్టులో అటూ ఇటూ తిరిగిన డిస్కుల మీద పుట్టిన సంగీతం ఇది, చేసినవాళ్లు ఒకే గదిలో కూర్చుని చేసింది కాదు. వీళ్లని ఒకే స్టేజి మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తుంటే చూడటం, అందుకే, రికార్డు వినడం కంటే పూర్తిగా వేరే సంగతి. ఒకచోట జెన్నీ లూయిస్ కంటి సైగ చేసిన తర్వాతే ఆయన అందుకున్నాడు. ఆ సైగ రికార్డులో ఉండటానికి వీల్లేదు.

చివర్లో మళ్లీ వచ్చి, వాళ్ల అన్నిటికంటే ప్రసిద్ధమైన పాటని గిబ్బర్డ్, జెన్నీ ఇద్దరే ఒక్క గిటార్‌తో పాడారు. తర్వాత నల్లబట్టలూ తెల్లబట్టలూ అందరూ స్టేజి మీదికొచ్చి డెపెష్ మోడ్ వాళ్ల పాట ఒకటి పాడి ముగించారు.

ఫోన్ల సంగతి ఒకటి చెప్పాలి. కచేరీల్లో ఫోన్ ఎత్తేవాళ్లని తిట్టడం ఇప్పుడు అలవాటైపోయింది. నేను తిట్టను. నేను గుంటూరులో చదువుకున్నప్పుడు ఇలాంటి బ్యాండ్లు మా ఊరికి వస్తాయని ఎవరూ కలలో కూడా అనుకోలేదు, లోకంలో ఎక్కడో ఎవరో చెయ్యి నొప్పెట్టేలా ఫోన్ పట్టుకుని తీసి పెట్టిన వణికే వీడియోలే నాకు దారి. అందుకని నేనూ ఒక పాట తీశాను, పూర్తిగా, మధ్యలో ఆపకుండా, నా గొంతు పడకుండా నోరు మూసుకుని. ఆ తర్వాత ఫోన్ సంచిలో పెట్టేశాను. ఒక పాట చాలు అని నా అభిప్రాయం, మిగతావి మన కోసం, వెనక నిలబడ్డవాళ్ల కోసం.

తిరిగి వస్తుంటే కార్లో వదిన, "ఆ పియానో పాట మళ్లీ పెట్టు" అంది. అన్నయ్యవాళ్లుండే బోతెల్ చేరేదాకా అదే.

నాలుగో రోజు

అన్నయ్యకి సెలవు. బెల్లింగ్‌హామ్ తీసుకెళ్లమన్నాను, సియాటిల్‌కి ఉత్తరంగా 90 మైళ్లు, కెనడా సరిహద్దుకి దగ్గర. డెత్ క్యాబ్ పుట్టింది అక్కడ. గిబ్బర్డ్ వెస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ చదివేవాడు, 1997లో ఒంటరిగా ఒక క్యాసెట్ చేశాడు, అది జనానికి నచ్చేసరికి స్నేహితుల్ని పోగేసి బ్యాండ్ చేశాడు. క్యాంపస్ కొండవాలు మీద ఉంది, కింద సముద్రపు పాయ కనిపిస్తుంది, చెట్ల మధ్య ఎక్కడపడితే అక్కడ పెద్ద పెద్ద శిల్పాలు. బ్యాండ్ గుర్తుగా ఏ బోర్డూ నాకు కనపడలేదు, నేను దాని కోసం వెతకలేదు కూడా. వాళ్ల తొలి పాటల్లో ఉండే ఆ తడి, ఆ బూడిద రంగు ఆకాశం, పనీపాటా లేని మధ్యాహ్నాలు, అవి ఏ గాలిలోంచి వచ్చాయో చూస్తే చాలనుకున్నాను. చూశాను. వాన పడుతూనే ఉంది.

ఊరి మధ్యలో ఒక గ్రానైట్ తోరణం ఉంది. అన్నయ్యకి ఇది తెలుసు, నాకు తెలియదు. 1907 సెప్టెంబరు 4 రాత్రి ఈ ఊళ్లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీల మీద, ఎక్కువమంది సిక్కులు, కొన్ని వందలమంది తెల్లవాళ్లు దాడి చేసి ఇళ్లలోంచి లాగి కొట్టి తరిమేశారు. కొద్దిరోజుల్లోనే మనవాళ్లు మొత్తం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లనీ, అంతకుముందూ ఆ తర్వాతా ఇలాగే వెళ్లగొట్టబడిన చైనీయులనీ జపనీయులనీ తలుచుకుంటూ 2018లో ఆ తోరణం పెట్టారు. నాకిష్టమైన పాటలు పుట్టిన ఊరూ ఇదే, ఇది జరిగిన ఊరూ ఇదే. గొడుగు కింద చాలాసేపు నిలబడి ఆ రాతి మీది మాటలన్నీ చదివాం. ఇక్కడికి పాటల కోసం వచ్చే మనవాళ్లు ఎవరైనా సరే, క్యాంపస్ చూసి వెనక్కి తిరగకుండా దీన్నీ చూసి వెళ్లండి.

సాయంత్రం ఇంటికొచ్చి వేడివేడిగా బజ్జీలు తింటూ టీవీలో యూట్యూబ్ పెట్టాం. కచేరీ వీడియోలు అప్పటికే వచ్చేశాయి. మేము కూర్చున్న వైపు నుంచి తీసినది ఒకటుంది, శబ్దం పగిలిపోయింది, అయినా చూశాం, ఎదురు వైపు నుంచి తీసినదాంట్లో మేము అసలు చూడలేకపోయిన డ్రమ్మర్ చేతులు కనిపించాయి, జేసన్ మక్‌గర్ కర్రలు అంత తేలిగ్గా పట్టుకుంటాడని నాకు అప్పుడే తెలిసింది. నేను తీసినదీ అప్‌లోడ్ చేశాను. పొద్దున లేచేసరికి బ్రెజిల్ నుంచి ఎవరో థాంక్స్ పెట్టారు, తాము ఎప్పటికీ చూడలేమనుకున్న పాట అట.

ఈ బ్యాండ్‌ని కొత్తగా వినాలనుకునేవాళ్లు ఆల్బమ్‌తో కాకుండా 2020 మార్చి ఇంటి వీడియోలతో మొదలుపెట్టండి, ఏ రోజుదైనా పర్లేదు, కాకపోతే ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక రోజుది మొత్తం కూర్చుని వినండి, మధ్యలో ఆయన నీళ్లు తాగేదీ శ్రుతి చేసుకునేదీ దాటవేయొద్దు. తర్వాత 'ట్రాన్స్అట్లాంటిసిజం' హెడ్‌ఫోన్స్‌తో, వరస మార్చకుండా. ఆ తర్వాత 2023 టూర్‌లో జనం తీసిన వీడియోలు చూడండి, పాట ఎంత పెద్దదయిందో మీకే తెలుస్తుంది. మీ ఊళ్లో ఏ కెఫేలోనో నలుగురు పిల్లలు సొంత పాటలు వాయిస్తుంటే, హైదరాబాద్‌లోనూ వైజాగ్‌లోనూ అలాంటివాళ్లున్నారు, దయచేసి టికెట్ కొని వెళ్లండి, ముందు వరసలో నిలబడండి.

వదిన అప్పుడే వచ్చే నెల బల్లార్డ్‌లో ఎవరు వాయిస్తున్నారో చూసి టికెట్లు కొనేసింది, అన్నయ్యకి కూడా.